ఫొటో తియ్యకు, కూసో

గత డిసెంబర్‌లో మన క్లబ్ నుంచి పదకొండు మందిమి దుప్పట్లు పట్టుకుని వనపర్తి బస్టాండ్‌కు వెళ్లాం. రాత్రి పదిన్నర దాటింది. బెంచీ మీద ముడుచుకుని పడుకున్న ఒక తాతకు నేను దుప్పటి కప్పాను. పక్కన కూర్చుని ఫొటో దిగాను. రూముకు రాగానే స్టేటస్ పెట్టాను: "మనకున్నది ఎంత గొప్పదో ఈరోజు తెలిసింది. సప్లీలకే ఏడ్చే మనం వీళ్లను చూసి నేర్చుకోవాలి." హార్టులు బాగానే వచ్చాయి. హాయిగా నిద్రపోయాను.

నాలుగో రోజు వెళ్తే తాత లేడు. మేమిచ్చిన దుప్పటిని మడతపెట్టి టీ కొట్టులో ఇచ్చి వెళ్లిపోయాడట. టీ కొట్టు అన్న మమ్మల్ని తిట్టలేదు గానీ, చెప్పాల్సింది చెప్పాడు. ఆ ఫొటో ఎట్లెట్లో తిరిగి తాత ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది. తాత తన బిడ్డతో కర్నూలులో వాచ్‌మన్ పని దొరికిందని, ఉండటానికి రూమ్ కూడా ఇచ్చారని చెప్పుకున్నాడు. ఫొటో విషయం తెలిసిన రాత్రే సంచీ సర్దుకున్నాడు.

ఈ సంచికకు క్లబ్ వాళ్లు ఇచ్చిన అంశం "ఇల్లు లేని వాళ్ల మధ్య వాలంటీర్‌గా తిరిగితే కష్టం గురించి ఏం నేర్చుకున్నాం?" డిసెంబర్‌లో అడిగి ఉంటే నా స్టేటస్‌నే రెండు పేజీలకు పెంచి ఇచ్చేవాణ్ని. ఇప్పుడు మాత్రం ఆ స్టేటస్‌లో తప్పేమిటో రాయాలనుకుంటున్నాను.

ఎవరు వీళ్లు?

జనాభా లెక్కల వాళ్లు "ఇల్లు లేని కుటుంబం" అంటే ఏమిటో స్పష్టంగా రాసుకున్నారు. కట్టడాల్లో కాకుండా ఆరుబయట, రోడ్డు పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద సిమెంటు పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల దగ్గర, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లు. వీళ్లను పగలు లెక్కపెట్టడం కుదరదు. అందుకే 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా తిరిగి లెక్కించారు. దేశమంతా కలిపి దాదాపు 17.7 లక్షల మంది తేలారు.

పాలమూరు పిల్లలకు ఈ మాట పరాయిదేం కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్‌లో వేరువేరు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు మనమంతా మహబూబ్‌నగర్ జిల్లానే. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, డ్యాములు, కాలువలు, అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఊళ్లకు ఊళ్లు కదిలిపోయిన జిల్లా. కట్టే బిల్డింగులోనే వండుకుని, అక్కడే పడుకుని, గృహప్రవేశం నాటికి ఇంకో పునాది దగ్గరికి పోయే బతుకు మన తాతలది. మా తాతది కూడా. గోరటి వెంకన్న మన నాగర్‌కర్నూల్ జిల్లా కవే. ఆయన వల్లె గురించి పాడితే చప్పట్లు కొడతాం. ఆ పల్లె విడిచి వచ్చిన మనిషి బస్టాండ్‌లో కనిపిస్తే చూపు తిప్పుకుంటాం.

మొదటి పాఠం, వనపర్తి: ఇచ్చేముందు అడగాలి

తాత వెళ్లిపోయాక మేం దుప్పట్లు పంచడం ఆపేశాం. రెండు వారాలు ఊరికే వెళ్లి "ఏం కావాలి?" అని అడిగాం, అంతే.

దుప్పటి కావాలన్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లకు దుప్పటి బరువు. పొద్దున్నే దాన్ని ఎక్కడ దాచాలి? చంకలో పెట్టుకుని కూలీ అడ్డా మీద నిలబడితే పనికి ఎవరు పిలుస్తారు? వాళ్లు అడిగినవి వేరే ఉన్నాయి. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోటు. బాత్రూమ్‌కు చిల్లర. గడ్డం గీయించుకోవడానికి డబ్బులు, ఎందుకంటే గడ్డం పెరిగితే పని ఇవ్వరు. సైజు సరిపోయే చెప్పులు. బీపీ గోళీలు. ఒకాయన "కాగితాలు దాచిపెట్టేటందుకు ప్లాస్టిక్ కవర్ ఇయ్యి సారూ, ఆధార్ వానకు తడుస్తుంది" అన్నాడు. ఐదు రూపాయల కవర్. పదకొండు మంది ఇంజినీరింగ్ బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

క్లాసులో రిక్వైర్‌మెంట్స్ అడగకుండా డిజైన్ మొదలుపెడితే సార్ ఒప్పుకుంటాడా? మనుషుల విషయంలో మాత్రం అడగకుండానే మొదలుపెట్టాం.

రెండో పాఠం, నాగర్‌కర్నూల్: అర్థం కానిదంతా పిచ్చి కాదు

ఫిబ్రవరిలో బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లాం. బస్టాండ్ దగ్గర నలభై ఏళ్ల ఆమె ఒకతె కాగితాలు ఏరి కట్టలు కడుతూ, తనలో తనే ఏదో గొణుగుతోంది. "పిచ్చిది, దగ్గరికి పోకుండ్రి" అన్నారు చుట్టుపక్కల వాళ్లు. మేమూ దూరంగానే నిలబడ్డాం.

మాతో వచ్చిన అయిజ వైపు అమ్మాయి మాత్రం కాసేపు చెవి పెట్టి వింది. "కన్నడంలో లెక్కపెడుతుందిరా" అంది. అయిజ వాళ్లకు కర్ణాటక పక్కనే కదా, ఆ అమ్మాయికి భాష వచ్చు. వెళ్లి కన్నడంలో "ఊటా ఆయ్తా?" అని, అంటే తిన్నావా అని అడిగింది. ఆమె లెక్క ఆపి, చాలాసేపు ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత ఏడ్చింది. ఆమెకు మానసిక అనారోగ్యం ఉన్న మాట నిజమే. కానీ అన్నాళ్లూ ఊరంతా పిచ్చి మాటలు అనుకున్నది నది అవతలి భాష.

ఇక్కడ అందరం తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సెక్షన్ 100. తనను తాను చూసుకోలేని స్థితిలో, మానసిక అనారోగ్యంతో తిరుగుతున్న మనిషి కనబడితే రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. ఎన్‌ఎస్‌ఎస్ సార్‌ను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఊరి పేరు ఆమెకు ఇంకా గుర్తుకు రాలేదు. మా అయిజ అమ్మాయి ఇప్పటికీ వెళ్లి కలిసి వస్తోంది.

మూడో పాఠం, గద్వాల: పక్కన కూర్చోవడం

మార్చిలో పెబ్బేరు, బీచుపల్లి మీదుగా గద్వాల వెళ్లాం. స్టేషన్‌లో కర్నూలు వైపు బండి కదిలిపోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. చివరి బెంచీ మీద అదే తాత.

నన్ను గుర్తుపట్టాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నా. వెళ్లలేదు.

"ఫోన్ తెచ్చినవా బిడ్డా?"

"తెచ్చిన తాతా."

"ఫొటో తియ్యకు. కూసో."

కూర్చున్నా. సారీ చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటుంటే ఆయనే మొదలుపెట్టాడు. కొల్లాపూర్ కింద కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లొచ్చి మునిగింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అట్లా మునిగినవి సుమారు వంద ఊళ్లు. జటప్రోలు గుడిని రాయి రాయీ విప్పి గట్టుకు తెచ్చి మళ్లీ కట్టారు. "దేవుని ఇల్లు తెచ్చిండ్రు, మా ఇండ్లు తెస్తరా?" అన్నాడు నవ్వుతూ. వచ్చిన పైసలు నిలవలేదు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. తన ఊరిని ముంచిన మనిషి ఎవరో ఎన్నడూ చూడలేదు గానీ, తను మాత్రం వేరే రాష్ట్రాల్లో వేరే డ్యాములకు ముప్పై ఏళ్లు రాళ్లు మోశాడు. నడుము పోయింది. భార్య పోయింది. బిడ్డకు ఒక్కటే గది, ముగ్గురు పిల్లలు. పింఛను ఊళ్లో తీసుకోవాలి. ఊరికి పోతే యాడుంటున్నవని అడుగుతారు.

"మా బిడ్డకు ఫోన్ కలుపుతవా?" అన్నాడు చివరికి.

నంబర్ నోటికి చెప్పాడు. ఆయనకు వినికిడి తక్కువని స్పీకర్ పెట్టాను.

"బాగున్న బిడ్డా. డ్యూటీల ఉన్న."

అటు నుంచి కొంచెంసేపు ఏ మాటా లేదు. తర్వాత అడిగింది: "నాయినా, చలికి దుప్పటి ఉందా?"

మార్చి నెల. గద్వాలలో ఆ రాత్రి ఉక్కపోత. ఆమె ఆ ఫొటో చూసిందని నాకు అర్థమైంది. తాతకూ అర్థమయ్యే ఉంటుంది.

"ఉంది బిడ్డా," అన్నాడు. "మంచిదే ఇచ్చిండ్రు."

ఆమె నాయన పరువు కాపాడింది. ఆయన బిడ్డ మనసు కాపాడాడు. నేను ఇద్దరి మధ్య ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇంకేం చేయలేదు. నాలుగు నెలల్లో నేను చేసిన పనికొచ్చే పని బహుశా అదే.

రాత ఎంత, చేత ఎంత?

"అంత నా రాత బిడ్డా" అన్నాడు తాత. మనం కూడా ఎంత తొందరగా అనేస్తాం ఆ మాట! కానీ సివిల్ వాళ్లకు తెలుసు, గోడ మీద పగులు కనబడగానే సిమెంటు పూస్తే సరిపోదు. లోడ్ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. తాత కథను నేను కాగితం మీద రెండు వరుసలుగా రాసుకున్నాను.

మొదటి వరుసలో భార్య మరణం, ముసలితనం, ఒంటరితనం. ఇవి ఎవరికైనా తప్పవు. వీటిని తీసేయలేం, పక్కన కూర్చుని పంచుకోగలం.

రెండో వరుసలో మునిగిన ఊరు, సరిపోని పరిహారం, అడ్వాన్సు అప్పు, పని చోట పోయిన నడుము, చిరునామా లేక అందని సాయం. వీటిలో ప్రతిదాని వెనకా ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంది. అంటే మార్చగలిగిందే. ఇక్కడ ఓదార్పు ఒక్కటే చాలదు, పని చేయాలి.

నా స్టేటస్ ఈ రెండు వరుసలనూ కలిపేసి, "మనం అదృష్టవంతులం" అని తేల్చింది. ఆయన చలిని నా తృప్తికి వాడుకున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచి చెబుతున్న మాట "నా కోసం కాదు, నీ కోసం" అని. నా స్టేటస్‌లో ఉన్నదంతా "నేనే".

1985లో సుప్రీంకోర్టు ముంబై ఫుట్‌పాత్ వాసుల కేసులో, అదే ఓల్గా టెల్లిస్ కేసులో, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. పని దొరికే చోటుకు దగ్గరగా ఉండటానికే వాళ్లు ఫుట్‌పాత్ మీద ఉంటున్నారని గుర్తించింది. ఖాళీ చేయించడాన్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఇల్లు లేని వాళ్లకు షెల్టర్ల పథకం ఉండేది. లక్ష పట్టణ జనాభాకు కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అనేది దాని కొలత. మన మూడు పట్టణాల్లో ఒక్కటి కూడా 2011 లెక్కల్లో లక్ష దాటలేదు. మరి మన దగ్గరి వాళ్లు ఏ లెక్కలోకి వస్తారు? మున్సిపాలిటీకి వెళ్లి అడగాల్సిన ప్రశ్న ఇది.

వచ్చే ఆదివారం మనతో వచ్చేవాళ్లకు

1. ఫోన్ జేబులోనే ఉండాలి. వాళ్లు అడిగితేనే బయటికి తీయాలి.
2. ముందు మన పేరు చెప్పి, తర్వాత వాళ్ల పేరు అడగాలి. చెప్పకపోతే వదిలేయాలి.
3. ఏం కావాలో అడిగి రాసుకోవాలి. ఇవ్వలేనిదానికి మాట ఇవ్వొద్దు.
4. పెద్దవాళ్ల సమస్యలకు 14567, పిల్లలకు 1098, మానసిక ఇబ్బందికి 14416, ప్రాణం మీదికొస్తే 108. ఈ నాలుగు నంబర్లూ నోటికి రావాలి.
5. ఒకసారి వెళ్తే మళ్లీ వెళ్లాలి. ఒక్కసారికే అయితే రావొద్దు.

క్లబ్ మీటింగ్‌లో మాట్లాడుకోవడానికి రెండు ప్రశ్నలు. సాయం తీసుకునే మనిషి ముందు మనం ఎందుకు పెద్దవాళ్లలా మాట్లాడతాం? మీ ఇంట్లో "రాత" అని వదిలేసిన కష్టాల్లో రెండో వరుసకు చెందినవి ఏవి?

ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు మా అవ్వను అడిగాను, "తాత పట్నంల యాడ పండుకునేటోడు అవ్వా?" అని. "రూమ్ ఉండె అంటుండె," అంది అవ్వ. కాసేపు బియ్యంలో రాళ్లు ఏరింది. "ఒక్కపారి కూడ చూపియ్యలే" అంది.