రంగు మారుటలోని రహస్యము

"ఊసరవెల్లివలె రంగులు మార్చుచున్నాడు" అను మాట ఎన్నికల దినములలో మన రచ్చబండలకడ తరచు వినవచ్చును. పాపము, ఆ ప్రాణి ఈ నిందకు పాత్రమైనది కాదు. చెట్టుపై నున్నపుడు ఆకుపచ్చగను, నేలపై నున్నపుడు మట్టిరంగుగను మారి అది లోకమును వంచించునని పలువురి నమ్మకము. ముఖ్యముగా అది రంగు మార్చుట తన కోపమును, బెదురును, జోడుకై గల కోరికను తోటి ఊసరవెల్లికి తెలుపుటకే. చలివేళ ముదురురంగు దాల్చి ఎండవేడిమిని ఎక్కువగా గ్రహించుటయు కలదు.

2015లో జెనీవా శాస్త్రజ్ఞులు మడగాస్కరు ద్వీపమునందలి ఒక జాతి ఊసరవెల్లిని పరీక్షించి దీని మర్మమును వెల్లడించిరి. దాని చర్మకణములలో కంటి కానరాని సూక్ష్మ స్ఫటికములు వరుసలు తీరి యుండును. ప్రాణి నెమ్మదిగా నున్నపుడు అవి దగ్గరదగ్గరగా నుండి నీలికాంతిని మరలించును. చర్మమునందలి పసుపుపదార్థముతో అది కలిసి మనకు ఆకుపచ్చగా తోచును. ఉద్రేకము కలిగినపుడు స్ఫటికముల నడుమ ఎడము పెరిగి పసుపు, ఎరుపు కాంతులు వెలువడును. క్రొత్త రంగేమియు పుట్టలేదు. వెలుగును మరలించు అమరిక మాత్రమే మారినది. మన కంచెలపై తల ఆడించుచు కంఠము ఎర్రబార్చునది వేరొక ప్రాణి, తొండ. జతకట్టు కాలమున మగ తొండకు ఆ ఎరుపు వచ్చును. రక్తము పీల్చినదని పిల్లలు దానిపై రాళ్లు రువ్వుదురు. పురుగులను తిని పైరుకు మేలుచేయు ప్రాణిని అట్లు చంపుట తగదు.

పదార్థములు రంగు మారుట వేరొక విధము. పసుపులో సున్నము కలిపిన పారాణి యగునని మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. పసుపునందలి రంగుపదార్థము క్షారము తగిలినంతనే ఎర్రబారును. నిమ్మరసము పిండిన మరల పసుపుపచ్చ యగును. పసుపుమరక గల వస్త్రమునకు సబ్బు రాచినపుడు ఎర్రబారుటయు ఇందువలననే. బోరునుండి తేటగా వచ్చిన నీరు బిందెలో నిలువయుండి ఎర్రబారినచో అందు ఇనుము కలదని గ్రహింపవలెను. నేలలోపల గాలి తగులక కరిగియున్న ఇనుము పైకి వచ్చి గాలిసోకగనే త్రుప్పుగా మారి అడుగున పేరుకొనును.

పంచాయతీ సభ్యులకు ఈ శాస్త్రము వినోదమునకు మాత్రమే కాదు. కంటికి తేటగా నున్న నీటిలో దోషమున్నదో లేదో తెలుపునదియు రంగే. మలమువలన నీరు చెడినదా యని చూచుటకు మన దేశపు శాస్త్రజ్ఞులు 1982లో ఒక సులభ పద్ధతిని ప్రకటించిరి. మందుపట్టించిన కాగితము గల చిన్న సీసాలో నీరు నింపి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచవలెను. నీటిలో మలసంబంధమైన సూక్ష్మజీవులున్నచో అవి గంధకవాయువును పుట్టించును. అది కాగితమునందలి ఇనుముతో కలిసి సీసాలోని నీటిని నల్లబార్చును. అట్టి నీటిని కాచక త్రాగరాదు; ఆ బావికి బ్లీచింగుపొడి వేయించవలెను. పొడి చాలినంత పడినదా యనుటకు మరొక మందు కలదు. క్లోరిను మిగిలియున్న నీరు దానివలన గులాబిరంగు దాల్చును. లీటరునకు 0.2 మిల్లీగ్రాములైనను మిగిలియుండవలెనని భారత ప్రమాణము.

ఇంతకంటె కఠినమైన సమస్య ఫ్లోరైడు. దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కాని అది మన బిడ్డల పండ్ల రంగును మార్చివేయును. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు గుర్తించిరి. తరువాతి కాలమున నల్లగొండ జిల్లాలో వంగిపోయిన వెన్నులు, వంకరపోయిన కాళ్లు దేశమంతటికిని తెలిసినవి. పండ్లు లోలోపల రూపొందు బాల్యమున ఈ నీరు త్రాగిన పిల్లలకు పంటిపై సున్నపురంగు మచ్చలు, పిదప గోధుమరంగు చారలు అడ్డముగా ఏర్పడును. పొగాకు గార తోమినచో కొంతయైనను పోవును. ఈ చార పింగాణిలోనే యుండుటచే ఎంత తోమినను పోదు. ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించకుండుట మంచిది. వేరు నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతింతురు. నీటిని కాచినచో దోషము పోవునని కొందరు తలతురు. కాచిన కొలది నీరు తగ్గును, ఫ్లోరైడు తగ్గదు. కావున దోషము చిక్కబడును.

దీని పరీక్షయు రంగుతోడనే. జిర్కోనియము కలిసిన ఎర్రని మందును నీటిలో వేసినచో, ఫ్లోరైడు ఆ జిర్కోనియమును తనవైపు లాగుకొనును. ఎరుపు విడిపోయి పసుపుచాయ వచ్చును. పెట్టెతో ఇచ్చిన రంగుల పట్టికతో దానిని పోల్చి చూడవలెను. ఈ పని పగటి వెలుతురులో చేయుట మేలు. దీపపు వెలుగులో గులాబిని పసుపని భ్రమపడువారు పెక్కుమంది. సందేహము కలిగిన నమూనాను జిల్లా ప్రయోగశాలకు పంపవలెను. ఒక బోరు మంచిదైనంత మాత్రమున పక్కబోరు మంచిది కానక్కరలేదు గనుక ప్రతి బోరును వేరువేరుగా చూడవలెను.

బంగ్లాదేశ్‌లో పాషాణదోషము గల చేతిపంపుల మూతికి ఎరుపును, మంచివాటికి ఆకుపచ్చను పూసిరి. చదువురాని వృద్ధురాలికిని, బడికి పోవు పిల్లకును అది తెలియును. మన ఊళ్లలోను ఫ్లోరైడు బోరునకు ఇట్లు రంగు వేయించుట కష్టము కాదు. కాని రెండు వానాకాలములు గడచునప్పటికి ఆ రంగు వెలసిపోవును. మరల వేయించు తేదీని తీర్మానముల పుస్తకములోనే వ్రాసి యుంచవలెను.