తెలిసిన మందు, దాగి ఉన్న గుణం: పేటెంట్ వస్తుందా?

పేటెంట్ల చట్టం-1970; అమలు 1972 ఏప్రిల్ 20 నుంచి. కాలపరిమితి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు (సెక్షన్ 53). ఆవిష్కరణకు కావాల్సినవి మూడు: కొత్తదనం, సృజనాత్మక ముందడుగు, పారిశ్రామిక ఉపయోగం.

సెక్షన్ 3(డి): అసలు గుండెకాయ ఇదే. తెలిసిన పదార్థంలో ముందే ఉన్న గుణాన్ని కనిపెట్టినంత మాత్రాన పేటెంట్ రాదు. కొత్త రూపమైతే సామర్థ్యం పెరిగిందని చూపాలి. సామర్థ్యంలో గణనీయమైన తేడా లేకపోతే లవణాలు, ఎస్టర్లు, ఐసోమర్లు, పాలిమార్ఫ్‌లు అన్నీ పాత పదార్థం కిందే లెక్క. ప్రస్తుత రూపం 2005 సవరణతో వచ్చింది. మందులకు ఉత్పత్తి పేటెంట్లు మళ్లీ మొదలైందీ అప్పుడే.

మందుల కంపెనీ నోవార్టిస్ కేసు (తప్పక చదవండి): సుప్రీంకోర్టు తీర్పు 2013 ఏప్రిల్ 1. ధర్మాసనం: జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్. మందు గ్లివెక్, రక్త క్యాన్సర్‌కు. వివాదం ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపంపై. మందు విషయంలో సామర్థ్యమంటే చికిత్సా సామర్థ్యమే అని కోర్టు తేల్చింది. పొడి సాఫీగా జారడం, తేమను తక్కువగా పీల్చడం, ఉష్ణగతిక స్థిరత్వం మెరుగవడం ఆ లెక్కలోకి రావు. శరీరంలో మందు లభ్యత 30 శాతం పెరిగిందన్న వాదన ఒక్కటే చాలలేదు. పేద రోగికి చౌక జనరిక్ అందేలా చేసిన గొప్ప తీర్పు ఇది.

సెక్షన్ 3(పి): సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదు. పసుపుతో గాయం మాన్పడంపై అమెరికా పేటెంట్ 1995. భారత శాస్త్ర పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ సవాలుతో 1997లో రద్దు.

తికమక పడొద్దు: హైదరాబాద్ నాట్కోకు 2012లో దక్కిన తొలి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్‌దారు సమ్మతి లేకున్నా మందు తయారీకి ఇచ్చే అనుమతి) నెక్సావర్ అనే క్యాన్సర్ మందుపై, సెక్షన్ 84 కింద. గ్లివెక్‌పై కాదు.