కరివేపాకు కుండీ: ముందు ఏ ఆకో చూడండి

మిద్దె మీదో, బాల్కనీలోనో కుండీలో పెట్టుకున్న కరివేపాకు మొక్క వానాకాలం పోయి చలి మొదలయ్యే ఈ రోజుల్లోనే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఆకు పసుపెక్కుతుంది, మచ్చలు పడుతుంది, ముడుచుకుంటుంది, రాలిపోతుంది. అది కనబడగానే మందు కొట్టాలని చెయ్యి లాగుతుంది. కొంచెం ఆగండి. పొద్దున పూట వెలుతురులో మొక్క దగ్గర నిలబడి, తేడా మొదట ఏ ఆకుల్లో వచ్చిందో చూడండి. కింది ముదురాకుల్లోనా, పై చిగుళ్లలోనా? సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

దీనికి కారణం ఉంది. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగురుకు పంపుకుంటుంది. అందుకే కింది ఆకులు ఈనెలతో సహా మొత్తం పాలిపోతాయి, పైన మాత్రం పచ్చగానే ఉంటుంది. ఇనుమును మొక్క అలా ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు తరలించలేదు. అది అందకపోతే కొత్త చిగురే ముందు పసుపుపచ్చగా వస్తుంది. ఈనెలు ఆకుపచ్చగా మిగిలి, మధ్య భాగమంతా తెల్లబోయినట్టు ఉంటుంది. కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు కనబడితే అది మెగ్నీషియం లోపం.

హైదరాబాదు, నల్గొండ, అనంతపురం వైపు బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇనుము లోపమే. మట్టిలో ఇనుము లేక కాదు. ఆ నీటిలోని సున్నపు గుణం మట్టిలో చేరి, ఉన్న ఇనుమును వేళ్లకు అందకుండా చేస్తుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే గుర్తు. ఎరువుల దుకాణంలో అన్నభేది దొరుకుతుంది. లీటరు నీటికి 3 గ్రాములు వేసి, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట చిగుళ్లు తడిసేలా పిచికారీ చేయండి. అప్పటికప్పుడు కలుపుకున్న నీళ్లే వాడాలి. తుప్పు రంగుకు తిరిగిన ద్రావణం పనిచేయదు. అది బాల్కనీ బండలకు మరక కూడా వేస్తుంది, కింద గోనెపట్టా పరుచుకోండి. వారం పది రోజుల్లో చిగురు పచ్చబడితే మీరు అనుకున్నది నిజమే. పది రోజులకోసారి మరో రెండు సార్లు కొడితే సరిపోతుంది. కొట్టాక వారం దాకా ఆ ఆకు కోయకండి.

పులిసిన మజ్జిగ పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. దాన్ని కొట్టిపారేయాల్సిన పని లేదు, ఆ పులుపు వేళ్ల దగ్గర సున్నపు గుణాన్ని కాస్త తగ్గిస్తుంది. అయితే వెన్న తీసిన మజ్జిగే పోయాలి, అది కూడా బాగా పలచగా, నెలకు ఒకటి రెండు సార్లే. చిక్కగా, రోజూ పోస్తే మట్టి వాసన పట్టి చీమలు చేరతాయి. అంతకంటే మంచిది వాన నీళ్లు పట్టి దాచుకుని వాడటం.

మొక్క మొత్తం ఒకేసారి పసుపెక్కి, ఆకు ముట్టుకుంటే చాలు రాలిపోతోందా? అయితే ఎరువు జోలికి వెళ్లకండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దింపి చూడండి. లోపల చెమ్మగా ఉందంటే వేళ్లు ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయి. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో, కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు నిలిచాయేమో చూడండి. వాసన వస్తుంటే మొక్కను మట్టితో సహా తీసి, మెత్తబడి నల్లబారిన వేళ్లు కత్తిరించి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టిలో నాటండి. వేళ్లు ఎంత తీశారో కొమ్మలూ ఆ మేరకు తగ్గించి, నాలుగు రోజులు నీడన ఉంచండి. నా ఉద్దేశంలో కుండీ కరివేపాకు పురుగు వల్ల చచ్చేది తక్కువ, ప్రేమతో రోజూ పోసే చెంబుడు నీళ్ల వల్ల చచ్చేది ఎక్కువ. చలిలో ఈ మొక్క నిద్రపోయినట్టు ఎదుగుదల ఆపేసి, కొన్ని ముదురాకుల్ని తనే రాల్చుకుంటుంది. అది జబ్బు కాదు. పై మట్టి ఆరాకే నీళ్లు పోయండి. మాఘం వెళ్లేదాకా ఎరువు వద్దు.

ఇక పురుగుల సంగతి. కరివేపాకుదీ, నిమ్మ బత్తాయిలదీ ఒకే కుటుంబం. అందుకే వాటి పురుగులే దీన్నీ పడతాయి. లేత ఆకు మీద పక్షి రెట్టలా నలుపు తెలుపు కలిసిన చిన్న ముద్ద కనబడితే అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి చీలిన కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. చిన్న మొక్కనైతే రెండు మూడు రోజుల్లో మోడు చేసేస్తుంది. దీనికి మందు అక్కర్లేదు, చేత్తో ఏరేస్తే సరి. మొక్క పెద్దదై ఆకు సమృద్ధిగా ఉంటే ఒకటి రెండు పురుగుల్ని వదిలేయమనే అంటాను, ఇంట్లో పిల్లలు సీతాకోకచిలుక పుట్టడం చూస్తారు.

చిగుళ్లు వంకర్లు తిరిగి, వాటి మీద తెల్లటి మైనపు పోగులతో పసుపు పిల్ల పురుగులు, తోక పైకెత్తి వాలుగా కూర్చున్న గోధుమరంగు చిన్న పురుగులు ఉంటే అవి సిల్లా పురుగులు. వీటిని మాత్రం ఉపేక్షించకండి. బత్తాయి, నిమ్మ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసేది ఇవే. బత్తాయి తోటల పక్కన ఉన్నవాళ్లు పెరట్లో కరివేపాకును పట్టించుకోకుండా వదిలేయకూడదు. పురుగు పట్టిన చిగుళ్లను తుంచి సబ్బు నీళ్లలో ముంచేయండి, కంపోస్టు గుంతలో వేయకండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట వారానికోసారి మూడు వారాలు కొట్టండి. ఆకుల అడుగు భాగం తడవాలి.

కాండం మీద చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పైన పొలుసు పురుగో, పిండినల్లో ఉన్నట్టు. ఆకుల మీద నల్లటి మసి కట్టడమూ వాటి తీపి జిగురు వల్లే. పాత టూత్‌బ్రష్‌తో, సబ్బు నీళ్లతో కొమ్మలు రుద్ది కడిగితే పోతాయి. వానల తర్వాత గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపు వలయం వస్తే అది ఆకుమచ్చ తెగులు. రాలిన ఆకులన్నీ ఏరి పారేయండి. కుండీలను దూరం జరపండి. నీళ్లు ఆకుల మీద కాక మొదట్లోనే పోయండి. కార్తీకంలోనూ వానలు పడే నెల్లూరు వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

రసాయన మందుల పేర్లు నేను కావాలనే రాయడం లేదు. మన దేశపు కరివేపాకులో మందుల అవశేషాలు మిగులుతున్నాయని ఐరోపా సమాఖ్య దిగుమతులపై ప్రత్యేక తనిఖీలు పెట్టింది. పొలంలో సాగు చేసే రైతులు మందు కొట్టినా, కోతకు ముందు ఆగాల్సిన రోజులు తప్పక పాటించాలి. ఇంటి కుండీలో ఆకు ఈ రోజు కోస్తాం, ఈ రోజే తాలింపులో వేస్తాం. అక్కడ ఆ గడువుకు చోటే లేదు.

కోసేటప్పుడు ఆకులు దూయకండి. కొమ్మ చివర రెండు మూడు రెబ్బలతో కత్తెరతో కత్తిరిస్తే అక్కడి నుంచి రెండు చిగుళ్లు వస్తాయి. మొక్కకు రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి, అపార్టుమెంట్లలో ఉత్తరపు బాల్కనీ దీనికి సరిపోదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు మంచు పడకముందే కుండీని లోపల దక్షిణపు కిటికీ దగ్గరికి మార్చుకోవాలి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో సిల్లా పురుగు కారణంగానే కరివేపాకు మొక్కల రవాణాపై ఆంక్షలున్నాయి. అక్కడి నుంచి స్నేహితులకు మొక్క పంపే ముందు ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ నిబంధనలు కనుక్కోండి.