రైలుపేట పెండ్లిండ్లు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు టెక్కలి ప్రాంతం నుండి వచ్చి బి.ఎన్.ఆర్.లో ఖలాసీగా చేరారు. నేను బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్సులోనే పుట్టి, గార్డుగా పనిచేసి, పదవీవిరమణ తరువాత తోర్వాలో ఇల్లు కట్టుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయికి పెండ్లి కుదిరింది. స్వగ్రామంలోనే చేయాలని అన్నగారి పట్టుదల. అక్కడ మా పాత ఇంటికి తాళం పడి చాలా ఏళ్ళైంది. విశాఖ సముద్రతీరాన ఏదైనా రిసార్టులో చేయాలని అమ్మాయి కోరిక. బంధువులు ఖరగ్‌పూర్, నాగపూర్, విశాఖ, హైదరాబాదులలో ఉన్నారు. ఎక్కడ చేయడం ఉచితం?
— విశ్రాంత గార్డు, తోర్వా

జవాబు: అయ్యా, స్థలనిర్ణయమునకు పూర్వము మీరు చేయవలసిన నిర్ణయము వేరొకటి కలదు. వధూవరులు ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర-బెల్లము ఉంచు శుభక్షణమున పందిరిలో ఎవరెవరు లేకున్నచో మనస్సునకు వెలితిగా నుండునో, ఆ పేరులను మీరును, మీ ఇల్లాలును, అమ్మాయియు వేర్వేరు కాగితములపై వ్రాసి, పిదప మూడింటిని కలిపి చూడుడు. మూడు పట్టికలలోను కనుపించువారు ఎచ్చటికి సుఖముగా రాగలరో అదియే మీ వివాహస్థలము. స్వగ్రామమని పట్టుపట్టిన కుటుంబముల పట్టికలలో ఆ గ్రామమున నేడు నివసించువారి పేరులు మిక్కిలి తక్కువగా నుండుటయు, ప్రక్క క్వార్టరులో ఏండ్ల తరబడి కాపురమున్న బెంగాలీ కుటుంబము పేరో, ఛత్తీస్‌గఢీ కుటుంబము పేరో మొదటి వరుసలో నుండుటయు నేను తరచు గమనించుచున్నాను.

ఇది ఈ ఊరి పుట్టుకలోనే యున్నది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.), నాగపూర్-ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గమును స్వాధీనపరచుకొని బ్రాడ్‌గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పట్టాలు పరచినది; వాల్తేరు వైపు మార్గములును ఆ సంస్థ పాలనలోనే యుండుటవలన శ్రీకాకుళ, విజయనగర, విశాఖ మండలములవారు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ కాలనీలలోనికి వచ్చి చేరిరి; 1931లో రాయపూర్-విజయనగరం మార్గము పూర్తియైన పిమ్మట ఆ రాకపోకలు మరింత సులభమాయెను. ఇట్లు తరములు గడచినవారికి చుట్టరికము రెండు తెరగులు: రక్తసంబంధమువలన వచ్చినది, క్వార్టర్ల వరుసవలన వచ్చినది. మీరు రాత్రి డ్యూటీలో ఏ దూరపు స్టేషనులోనో నిలిచియున్నపుడు జ్వరముతోనున్న పసిబిడ్డను రైల్వే ఆసుపత్రికి ఎత్తుకొనిపోయినవారు ఈ రెండవ తెగవారే. వారు టెక్కలికి గాని సముద్రతీరమునకు గాని వచ్చినను అతిథులుగా వత్తురేగాని, పందిరిలో వడ్డనకు నడుము బిగించు చుట్టములుగా రాజాలరు. అమ్మాయి పెరిగిన ఊరిలోనే ఆమె వివాహము జరుగవలెనని నా దృఢమైన అభిప్రాయము.

ప్రయాణములను జూచినను బిలాస్‌పూరే మేలు. హౌరా-ముంబయి ప్రధానమార్గమున ఒకవైపు ఖరగ్‌పూర్, మరొకవైపు నాగపూర్ ఉండగా ఈ జంక్షను నడుమనున్నది. విశాఖనుండి కోర్బా పోవు ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే పోవును. తిరుపతి-బిలాస్‌పూర్ ఎక్స్‌ప్రెస్ వారమునకు రెండుమారులు విజయవాడ, విశాఖ మీదుగా వచ్చును గనుక హైదరాబాదువారు దానిని విజయవాడలో అందుకొనవచ్చును.

అమ్మాయి కోరికను తేలికగా తీసివేయవలదు, కాని సముద్రపుగాలిలో హోమాగ్ని నిలుకడగా నుండదనియు, ఇసుకలో నడచుట మోకాళ్ళనొప్పుల పెద్దలకు దుర్భరమనియు ఆమెకు సౌమ్యముగా చెప్పుడు. అంతకంటె పెద్ద చిక్కు గదులది: రెండు రాత్రులకు ఎన్ని గదులు తీసికొనగలరో లెక్కించి, ఆ లెక్కకు సరిపోవునట్లు బంధువుల పట్టికను కోయవలసివచ్చును. గదులకొలది చుట్టములను తగ్గించు వివాహము నాకు సమ్మతము కాదు. పెండ్లియైన పిదప దంపతులను, మరికొందరిని అన్నవరము తీసికొనిపోయి రత్నగిరిపై సత్యదేవుని వ్రతము చేయించి, అటనుండి పిల్లలిద్దరిని విశాఖకు పంపుడు. సముద్రమును వారు తీరికగా చూతురు. మీ అన్నగారికి గౌరవము తగ్గకుండ తొలి శుభలేఖను స్వగ్రామపు దేవాలయమున ఆయన చేతులమీదుగా పెట్టించి, పాలికలకు వలయు పుట్టమన్ను ఆ ఊరినుండి తెమ్మని ఆయననే కోరుడు.

ప్రశ్న: మా అమ్మాయికి శ్రావణమాసంలో ముహూర్తం పెట్టి విజయనగరం నుండి సిద్ధాంతిగారు పంపారు. ఇక్కడి పండితులు చాతుర్మాస్యంలో పెండ్లేమిటి, దేవ్‌ఉఠనీ ఏకాదశి దాకా ఆగండి అంటున్నారు. ఎవరి మాట సరి? ఇదే ముహూర్తమైతే పనులు ఎప్పుడు మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, హేమూనగర్

జవాబు: అమ్మా, ఇరువురి మాటయు వారివారి సంప్రదాయమున సరియైనదే. ఆషాఢ శుద్ధ ఏకాదశి మొదలు కార్తిక శుద్ధ ఏకాదశి వరకు ఉత్తరాది గృహస్థులు వివాహములు చేయరు. మనవారు ఆషాఢ, భాద్రపద, పుష్యములను విడిచి, శ్రావణమును శుభమాసముగా గ్రహింతురు. ఇంకొక భేదము గుర్తుంచుకొనవలెను: మన మాసము అమావాస్యతో ముగియును, వారి మాసము పూర్ణిమతో ముగియును గనుక, ఇక్కడి 'సావన్' మన శ్రావణముకంటె ఒక పక్షము ముందే వచ్చును. గోడమీది స్థానిక పంచాంగము చూచి ముహూర్తపు తేదీ లెక్కవేసినచో మన ఆషాఢ బహుళములో పడుదురు. గురు, శుక్ర మూఢములు లేవని సిద్ధాంతిగారిచేత రూఢిచేసికొని, ఆంగ్లతేదీతో వ్రాయించి తెప్పించుకొనుడు.

ఇందువలన పనుల క్రమము తలక్రిందులగును. సాధారణముగా తొలుత కల్యాణమండపము వెదకుదురు. శ్రావణమున బిలాస్‌పూర్ మండపములు ఖాళీగనే యుండును, అద్దెయు బేరమాడవచ్చును. దొరకనివారు మనవారే: పురోహితులు, సన్నాయిమేళమువారు, బూరెలు, పనసపొట్టు కూర, దప్పళము ఎరిగిన వంటవారు. వారిని ఉత్తరాంధ్రనుండి రప్పింపవలెను, శ్రావణమున అచ్చట ఒక్కొక్క ముహూర్తమునకు ఊరూర పెండ్లిండ్లే. కావున ఆరునెలల ముందే, అనగా మాఘమాసపు వివాహములలో వారు కనుపించినపుడే బయానా ఇచ్చి మాటతీసికొనుడు. మండపమునకు మూడునెలల వ్యవధి చాలును.

ఎండకాలమును వ్యర్థము చేయవలదు. అప్పడములు, వడియములు, సారెకు పోవు పొడులు, ఊరగాయలు అన్నియు మే నెల ఎండలోనే ఎండి సిద్ధము కావలెను; వానలు పట్టిన పిమ్మట ఈ ఊరిలో ఏదియు ఎండదు. వైశాఖమున పెట్టిన ఆవకాయ శ్రావణపు విస్తరికి చక్కగా ఊరియుండును. పసుపు కొట్టుటను, మంగళసూత్రములకు బంగారమిచ్చుటను జ్యేష్ఠములో ముగించుడు. ఆషాఢము శూన్యమాసమైనను బంధువులకు పెట్టు సాధారణ వస్త్రములకు ఆ నెలలోనే దుకాణములలో ధరలు తగ్గును, పుచ్చుకొనుటకు దోషము లేదు.

రైలు రిజర్వేషను 2024 నవంబరునుండి 120 రోజుల ముందుగాక 60 రోజుల ముందు మాత్రమే తెరచుచున్నారు. వియ్యాలవారు పెద్దసంఖ్యలో వచ్చుచున్నచో పెట్టె నంతటిని తీసికొను సౌకర్యము కలదు. దానికి ప్రయాణమునకు ఆరునెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును, నెలరోజులలోపైనచో వీలుపడదు. తిరుగుప్రయాణమును మరువవలదు, అప్పగింతలు కాగానే రైలువేళ చూచుకొనుచు పరుగెత్తు వియ్యపురాలికి కన్నీరు తుడుచుకొనుటకైనను వ్యవధి యుండదు.

వానకు పందిరిని నమ్మక, పైకప్పుగల మండపమునే, వంటశాలయు కప్పుక్రిందనే యున్నదానినే కుదుర్చుకొనుడు. ముహూర్తము రాత్రి పదింటి తరువాత నైనచో 2000 నాటి శబ్దకాలుష్య నియమములప్రకారము బయట ధ్వనివర్ధకము ఉదయమారింటివరకు నిషిద్ధము. డీజేల రొదపై ఈ ఊరనేయున్న హైకోర్టు గట్టిగానే పట్టించుకొనుచున్నది. మూసిన మండపములో, మైకు లేకుండ సన్నాయి వినిపించుటయే శ్రవణసుభగము.

ప్రశ్న: పెండ్లంతా బరువైన లెహంగాలో, నెట్ మేలిముసుగులో ఉండాలని అలంకారం చేసే ఆవిడ అంటోంది. అమ్మ మధుపర్కాలు తప్పవంటుంది. నాకేమో చాంపా కోసాపట్టు అంటే ఇష్టం. మూడూ ఎలా కుదురుతాయి?
— పెండ్లికూతురు, రైల్వే కాలనీ

జవాబు: తల్లీ, మధుపర్కములు, కోసాపట్టు రెండును కుదురును, లెహంగాను మేలిముసుగును విడువుము. మధుపర్కముల తెలుపు, ఎర్రని అంచు, పసుపు కలిసిన తలంబ్రాలు ఆ తెలుపుపై రాలుట: ఇంతటి అందమును ఏ కుట్టుపనియు ఈయజాలదు. పైగా హోమకుండమునకు దగ్గరగా గంటలతరబడి కూర్చుండవలెను. కృత్రిమపు నూలుతో నేసిన మేలిముసుగు నిప్పురవ్వ తగిలిన కరగి చర్మమునకు అంటుకొనును, నూలుబట్టకు ఆ ప్రమాదము లేదు.

చాంపా మీ ఊరికి అకల్తరా, నైలా దాటగానే వచ్చు స్టేషను. సాజా, అర్జునవృక్షముల ఆకులు తిని పెరుగు పట్టుపురుగుల గూళ్ళనుండి తీసిన కోసా నూలునకు పుట్టుకతోనే తేనెవన్నె యుండును. దానికి రంగువేయించక, ఎర్రని అంచుతో సహజవర్ణముననే నేయించుము. రిసెప్షనునాడు ఆ చీర, కాసులపేరు, వడ్డాణము చాలును. నేతకు వ్యవధి పట్టును గనుక నాలుగు నెలల ముందే స్వయముగా పోయి అంచు ఎన్నుకొనుము. పూలజడ మాత్రము ముందురోజు కట్టించి ఫ్రిజ్‌లో దాచనీయకుము. వేకువనే మల్లెలు తెప్పించి కట్టింపుము. కొత్త నగలపై ఆరక్షరముల హాల్‌మార్కు సంఖ్య యున్నదో లేదో నాన్నగారిని చూడుమనుము. 2023 ఏప్రిలునుండి అది తప్పనిసరి.

ప్రశ్న: నేను విశ్రాంత గ్యాంగ్‌మన్‌ను. ఆడంబరంగా చేసే శక్తి లేదు, అప్పు చేయాలని లేదు. దారేమిటి?
— పేరు వద్దు

జవాబు: అయ్యా, అప్పు చేయకుడు. తిరుమల కల్యాణవేదికలో దేవస్థానమువారు పురోహితుని, మంగళవాద్యమును ఉచితముగా సమకూర్చి వివాహములు జరిపించుచున్నారు; ముందుగా నమోదు చేసికొని, వయోధ్రువపత్రములతో పోవలెను. మీ ఊరినుండి తిరుపతికి నేరుగా రైలున్నది. తిరిగివచ్చిన పిదప కాలనీవారికి పులిహోర, బూరె, పెరుగన్నముతో ఒక్కపూట భోజనము పెట్టుడు. ఎవ్వరును మిమ్ము తక్కువగా చూడరు.

ప్రశ్న: మా అమ్మాయి ఛత్తీస్‌గఢీ అబ్బాయిని చేసుకుంటోంది. ఇరుపక్షాలకూ ఇష్టమే. వారి భాంవర్, మన జీలకర్ర-బెల్లం — రెండు పెండ్లిళ్ళు చేయాలా?
— దంపతులు, బుధవారీ బజారు సమీపం

జవాబు: అమ్మా, అయ్యా, రెండు వివాహములు వలదు, ఒకే వివాహమున రెండు ఇండ్ల ఆచారములు ఇముడును. వారి స్త్రీలు 'చులమాటీ'కి పాడుచు పోయి మన్ను తెత్తురు, మనము పాలికలకు పుట్టమన్ను తెత్తుము. వారికి నూనె-పసుపుల వేడుక కలదు, మనకు నలుగు, మంగళస్నానము కలవు. ఈ రెండింటిని ఉభయకుటుంబముల ఆడవారు ఒక్కనాడే కలిసి చేయవచ్చును. 'పరఘనీ', అనగా మగపెండ్లివారిని ఎదుర్కొనుట, పూర్తిగా వారి పద్ధతిని జరుగనీయుడు. ఆ వేళ వారి గాండ్వా బాజా మ్రోగవలెను. అందలి మోహరి మన సన్నాయివలెనే ఊదు వాద్యము గనుక, రెండు మేళములవారు ఒకరి వెంబడి మరొకరు వాయించుట చెవికి ఎబ్బెట్టుగా నుండదు.

లగ్నసమయమును జీలకర్ర-బెల్లమునకు ఉంచి, మంగళసూత్రధారణ, తలంబ్రాలు కాగానే భాంవరులకు, అనగా అగ్ని ప్రదక్షిణములకు, లేపుడు. సప్తపది ఆచరణలో నున్నవారికి ఏడవ అడుగుతో వివాహము పూర్ణమగునని 1955 హిందూ వివాహచట్టపు 7వ విభాగము చెప్పుచున్నది. కర్మలు జరుగకుండ కాగితము మాత్రము పుట్టించుకొన్న వివాహము చెల్లదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టపరచినది. కావున ఫొటోల తొందరలో అడుగులు కుదింపనీయకుడు. ఇరుపక్షముల పురోహితులను వారముముందే ఒకచోట కూర్చుండబెట్టి, ఏ కర్మకు ఎవరు మంత్రము చెప్పవలెనో, ఎంత సమయమో వ్రాయించుకొనుడు. ఈ పని చేయక పందిరిలోనే తర్కమునకు దిగిన పెండ్లిండ్లను నేనెరుగుదును. వధూవరులు అలసిపోవుచుండగా పెద్దలు శాస్త్రచర్చ చేయుట క్రూరము.

'టికావన్' వేళ బంధువులు పందిరిలోనే కానుకలు సమర్పింతురు. అచ్చట ఒక బాధ్యతగల యువకుని పుస్తకముతో కూర్చుండబెట్టుడు. 1961 వరకట్న నిషేధచట్టముక్రింద 1985లో చేసిన నియమములప్రకారము కానుకల పట్టిక, ఇచ్చినవారి పేరు, బాంధవ్యము, ఉజ్జాయింపు వెలతో వ్రాసి, వధూవరులు సంతకము చేయవలసియున్నది. చాలమంది దీనిని ఎరుగరు. వివాహములన్నియు నమోదు కావలెనని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించినందున, పెండ్లియైన వారములోనే నమోదునకు పూనుకొనుడు. శుభలేఖ ప్రతి, వయస్సు, చిరునామా పత్రములు, సప్తపది ఫొటో ఒక్కటి, సాక్షుల వివరములు అన్నియు ఒక కవరులో వేరుగా ఉంచి, అది పెట్టెలలో సర్దబడి అత్తవారింటికి పోకుండ అమ్మాయి మేనమామచేతికి ముందే ఈయుడు.