మంచుదేశంలో ద్రాక్షతోట

ద్రాక్ష అంటే ఎండ కోరే పంట అని మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మాది రంగారెడ్డి జిల్లా. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్లకు ఒకప్పుడు ఎంతో పేరుండేది. మా తాతకూ రెండెకరాల పందిరి ఉండేది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, మంచు కురిసే చోట ద్రాక్ష పండించిన ఒక పెద్దాయన సంగతి చదివితే మొదట నమ్మబుద్ధి కాలేదు. అందులోని సైన్సు మనబోటి విద్యార్థులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. వైను తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదని ముందే మనవి!

ఆయన డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్. 1899లో ఉక్రెయిన్ ప్రాంతంలో ఒక జర్మన్ కుటుంబంలో పుట్టారు. చలిప్రాంతాల్లో ద్రాక్ష సాగు మీదే డాక్టరేట్ చేశారు. 1951లో కుటుంబంతో అమెరికా చేరేటప్పటికి ఆయనకు యాభై దాటింది. చేతిలో డబ్బు లేదు, నోట ఇంగ్లీషు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా అనే ఊరి వ్యవసాయ ప్రయోగకేంద్రంలో పార పట్టి కలుపు తీసే పని దొరికింది.

ఆ ప్రాంతంలో అప్పుడు కాంకర్డ్, కటాబా వంటి అమెరికా ద్రాక్షలే ఎక్కువ. అవి చలికి ఆగుతాయి గానీ, వాటి వైనుకు ఒక ఘాటు వాసన ఉంటుంది. కాంకర్డ్‌లో ఆ వాసనకు ముఖ్య కారణం మిథైల్ ఆంత్రానిలేట్ అనే ఎస్టర్. రుచిగల వైను నిచ్చే యూరప్ జాతి వైటిస్ వినిఫెరా. మన అనాబ్-ఎ-షాహి కూడా ఈ జాతిదే. అది అక్కడి చలికి బతకదని అందరి నమ్మకం.

ఫ్రాంక్ గారు మాత్రం తప్పు తీగది కాదు, వేరుది అన్నారు. చలి ముదరకముందే కొమ్మ పండి, గోధుమరంగుకు తిరిగి, పిండిపదార్థం నిలవ చేసుకుంటే మొగ్గ చలికి ఓర్చుకుంటుంది. కొమ్మ పచ్చిగా ఉండిపోతే కణాల్లో నీరు గడ్డకట్టి మొగ్గ చస్తుంది. కాబట్టి కొమ్మను త్వరగా పండించే వేరు మీద అంటు కట్టాలి. ఈ మాట విన్నవాడు గోల్డ్ సీల్ కంపెనీ వైను నిపుణుడు చార్లెస్ ఫోర్నియే. 1953లో ఆయన ఫ్రాంక్ గారిని పనిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ వేరుమొక్కల కోసం కెనడాలోని క్విబెక్‌లో ఒక క్రైస్తవ మఠం దాకా వెళ్లారు.

పరీక్ష 1957 ఫిబ్రవరిలో వచ్చింది. చలి మైనస్ 25 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 32 సెంటిగ్రేడ్‌కు దిగింది. గట్టివనుకున్న అమెరికా తీగలు కొన్ని మొగ్గలు పోగొట్టుకున్నాయి. అంటుకట్టిన రీస్లింగ్, షార్డొనే తీగల్లో మాత్రం పదోవంతు మొగ్గలు కూడా పోలేదు!

1962లో ఫ్రాంక్ గారు క్యూకా సరస్సు ఒడ్డున సొంత వైను కర్మాగారం పెట్టారు. స్థలంలోనూ ఫిజిక్సు ఉంది. లోతైన నీరు ఎండాకాలపు వేడిని దాచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది. చల్లగాలి బరువు గనుక ఏటవాలు మీదినుంచి కిందికి జారిపోతుంది. ఇవిగాక, చలికి ముందు అంటుకట్టు మీదికి మట్టి ఎగదోస్తారు.

చల్లని చోట కాయ మెల్లగా పండుతుంది. రాత్రి చల్లదనానికి మాలిక్ ఆమ్లం అంత త్వరగా తరగదు. అందుకే రీస్లింగ్‌లో ఆ పులుపు, ఆ పరిమళం. ఒకే రకం పేరుతో అమ్మే వైనులో ఆ రకం కనీసం 75 శాతం ఉండాలని 1983 నుంచి అమెరికాలో నిబంధన. అంతకుముందు 51 శాతమే.

మన కథ తలకిందులు. మన తీగకు చలినిద్రే లేదు. ఏడాదికి రెండు కటింగులు చేసి, వేసవిదానితో కొమ్మను, అక్టోబరుదానితో కాయను రప్పించుకుంటాం. అయినా వేరు మాట ఇక్కడా నిజమే. ఉప్పునీటికీ కరువుకూ ఆగేందుకు నేడు మన దేశంలో డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కడుతున్నారు.

ఫ్రాంక్ గారు 1985లో కన్నుమూశారు. ఆ తోటను ఆయన వంశంవారే సాగిస్తున్నారు. డిగ్రీ అయ్యాక పొలానికి పోతానంటే నన్ను చూసి నవ్వేవాళ్లు ఈ కాలేజీలోనే ఉన్నారు. ‘ఆ నేలలో ఏం పండుతుందిరా?’ అంటారు. డాక్టరేట్ ఉన్న చేత్తో పార పట్టిన మనిషి సంగతి తెలిశాక నేను వాళ్లకు జవాబు చెప్పడం మానేశాను. పండదన్న ప్రతి పంటనూ ‘ఎందుకు పండదు?’ అని అడిగి, ఒక మడిలో వేసి చూడటమే మనం చదివిన చదువుకు అర్థం.