‘శబ్దము పడదు’ - ఆంగ్లమున వ్రాయుట యెట్లు?

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళ కన్నడములను వినుచు పెరుగుదురు. నోటి మాటకు ఈ మూడును చాలును. కాని పై చదువులకును, ఉద్యోగములకును పోయినప్పుడు తమ యిబ్బందిని ఆంగ్లమున వ్రాసి తెలుపవలసి వచ్చును.

మే మెరిగిన విద్యార్థి యొకడు పై తరగతులకు వేరొక విద్యాలయమున చేరెను. పెద్ద శబ్దము అతనికి పడదు. చోటు మార్పుడని కోరుచు, ‘ఐ హావ్ ఇయర్ ప్రాబ్లమ్’ అని అర్జీ వ్రాసెను. అచటివారు అతనికి చెవులు సరిగా వినబడవని తలచి, దయతో మొదటి బల్లపై, రహదారి వైపు కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టిరి! మిక్కుటముగా వినబడుటయే అతని బాధయని ఆ వాక్యము తెలుపలేదు.

తెలుగున ‘పడదు’ అను క్రియ అన్నిటికిని చాలును. వంకాయ పడదు, ఎండ పడదు, అత్తకును కోడలికిని పడదు. ఆంగ్లమున ఇట్టి ఒక్క మాట లేదు. శబ్దము విషయమున ‘ఐ యామ్ సెన్సిటివ్ టు నాయిస్’ అని వ్రాయవలెను. ఇందు గమనింపదగినవి నాలుగు.

1. ‘సెన్సిబుల్’ అనగా వివేకము గలవాడు. దానిని ‘సెన్సిటివ్’ స్థానమున వాడరాదు.

2. ‘టు నాయిస్’ అనునది విడువరాదు. ‘ఐ యామ్ సెన్సిటివ్’ అని మాత్రమే వ్రాసినచో, చిన్న మాటకే మనసు నొచ్చుకొనువాడనని యర్థమగును.

3. ‘సౌండ్’ అనగా ఏ శబ్దమైనను కావచ్చును. ‘నాయిస్’ అనగా చెవికి రుచింపని శబ్దము.

4. సామాన్య శబ్దములే భరింపరానంత పెద్దవిగా తోచుటను వైద్యులు ‘హైపరెక్యూసిస్’ అందురు. వైద్యుడు చెప్పనిదే ఈ పేరును అర్జీలో వ్రాయరాదు.

అర్జీకి మూడు వాక్యములు చాలును: ఏది పడదు, దానివలన ఏమగును, ఏమి కావలెను. ‘ఐ యామ్ సెన్సిటివ్ టు లౌడ్ నాయిస్. ది ట్రాఫిక్ నాయిస్ నియర్ ది విండో గివ్స్ మి ఎ హెడేక్. ప్లీజ్ అలౌ మి టు సిట్ అవే ఫ్రమ్ ది విండో.’

మరియొక భేదము కలదు. మోత అందరికిని మితిమీరినదైనచో, దానిని మన బలహీనతగా వ్రాసికొనరాదు. ‘ది నాయిస్ ఈజ్ టూ లౌడ్’ అనవలెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు పరిమితి. ‘ఐ యామ్ సెన్సిటివ్’ అన్నచో లోపము మనయందున్నదని అధికారి తలచును.

విద్యార్థులారా, ఈ వాక్యమును ఆంగ్లమున వ్రాసి మీ యుపాధ్యాయులకు చూపుడు: ‘రాళ్లు కోయు యంత్రపు మోత మా అవ్వకు పడదు.’ లోపము అవ్వ చెవిదో, యంత్రపు మోతదో ముందుగా నిశ్చయించుకొని వ్రాయుడు.