బడి డబ్బుకు సెప్టెంబరే మొదలు

మార్చి వచ్చిందంటే తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట వైపు హెడ్మాస్టర్లకు ఊపిరాడదు. ఓచర్లు, బిల్లులు, యూసీలు (వినియోగ ధ్రువపత్రాలు), ‘లిమిట్ ఇంకా పడలేదా’ అంటూ బ్లాక్ వనరుల కేంద్రానికి (బీఆర్‌సీ) ఫోన్లు. పంచాయతీ సెక్రటరీల పరిస్థితీ అంతే. మార్చి 31 గడువే, కాదనను. కానీ అది చేతికొచ్చిన డబ్బు ఖర్చు పెట్టడానికి గడువు. ఎంత రావాలి, ఏ పనికి రావాలి అన్నది అంతకు చాలా నెలల ముందే తేలిపోతుంది. మార్చిలో పరుగెత్తేవాళ్లు చాలామంది సెప్టెంబరులో పట్టించుకోని లెక్క కోసమే పరుగెత్తుతుంటారు.

సమగ్ర శిక్షా కింద బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు సంగతే చూడండి. సున్నం, సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నా చితకా రిపేర్లు అన్నీ అందులోంచే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి రూ.10,000. 31 నుంచి 100 దాకా రూ.25,000, 250 దాకా రూ.50,000, 1,000 దాకా రూ.75,000, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. ఈ మెట్లను ఒకసారి నిదానంగా చూడండి. 30 మంది ఉన్న బడికీ 31 మంది ఉన్న బడికీ మధ్య ఒక్క పిల్ల తేడా, రూ.15,000 తేడా. మన వైపు పల్లెబడులు చాలావరకు ఆ అంచుల్లోనే ఉంటాయి.

ఆ తల లెక్కకు ఆధారం కేంద్రం బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్. దానికి లెక్కలోకి తీసుకునే తేదీ సెప్టెంబరు 30. 2022-23 నుంచి తరగతికి ఇంతమంది అని మొత్తం రాస్తే చాలదు, ఒక్కో పిల్లవాడి పేరా వివరాలు ఎక్కించాలి. బెంచీలో కూర్చున్న పిల్లవాడు కంప్యూటర్లో లేకపోతే ప్రభుత్వం దృష్టిలో బడిలో లేనట్టే. ఇది మన దేశపు చాదస్తం ఒక్కటే అనుకోకండి. ఇంగ్లండులోనూ అక్టోబరు మొదటి గురువారం తీసే స్కూల్ సెన్సస్ లెక్క మీదే మరుసటి ఏడాది బడుల నిధులు ఆధారపడతాయి.

ఆంధ్రా సరిహద్దులో ఉన్న మన బడులకు ఇక్కడ రెండు ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

మొదటిది, నగరి నుంచో పుత్తూరు నుంచో వచ్చి చేరే పిల్లలు. పెళ్లిళ్లు, మగ్గం పనులు, అమ్మమ్మగారిళ్లు, కారణం ఏదైనా జూన్‌లో ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు. టీసీ చేతికిచ్చారు, చేర్చుకున్నాం, అయిపోయింది అనుకుంటాం. కాలేదు. యూడైస్‌లో ఆ పిల్లవాడి శాశ్వత విద్యా సంఖ్య ఇంకా ఆంధ్రా బడి ఖాతాలోనే ఉంటుంది. అక్కడివాళ్లు అతణ్ణి యూడైస్‌లోని డ్రాప్‌బాక్స్‌లోకి వదిలితే తప్ప మీరు తీసుకోలేరు. అటువైపు హెడ్మాస్టరుకు టీసీ నకలు జత చేసి జూలైలోనే రెండు వాక్యాల ఉత్తరం రాయండి, వారం ఆగి ఫోన్ చేయండి. ‘సార్, మీ దగ్గర అయిదో తరగతి చదివిన మా పిల్లవాణ్ణి కాస్త రిలీజ్ చేయండి’ అని మర్యాదగా తెలుగులో అడిగితే కాదనేవాళ్లు అరుదు. సెప్టెంబరు ఆఖరి వారంలో అడిగితే మాత్రం వాళ్ల పనే వాళ్లకు నెత్తిన ఉంటుంది.

రెండోది, పేర్లు. ఆధార్ కార్డు మీద భార్గవి అని ఒత్తులతో, ఇంగ్లీషు అక్షరాలతో సరిగ్గానే ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరులో తమిళంలో రాసినప్పుడు ఒత్తులు పోతాయి. ఆ తమిళం చూసి మళ్లీ ఇంగ్లీషులో ఎక్కించేసరికి అది బార్కవి అవుతుంది. ఆధార్‌తో పోల్చి చూసినప్పుడు పేరు కుదరదు, ఆ వరుస ఎర్రగా నిలబడిపోతుంది. రాష్ట్ర విద్యాశాఖ పోర్టల్ ఎమిస్‌లో పేరు ఎక్కించేటప్పుడు రిజిస్టరు పక్కన పెట్టి ఆధార్ కార్డే ఎదురుగా పెట్టుకోండి. కార్డులోనే తప్పుంటే దిద్దించడానికి ఆగస్టు అనుకూలం.

పేరు ఎక్కించే ఫారంలోనే మాతృభాష అని ఒక గడి ఉంటుంది. తెలుగు ఇళ్ల పిల్లలకు సైతం ఆ గడిలో చేతికొచ్చినట్టు తమిళం అని పడిపోతుంటుంది, ఎందుకంటే బోధన తమిళంలోనో ఇంగ్లీషులోనో జరుగుతోంది కాబట్టి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చినప్పుడు భాషా మైనారిటీల రక్షణ గురించి బోలెడు మాటలు నడిచాయి. ఆ రక్షణలన్నీ చివరికి తలల లెక్కకే వచ్చి ఆగుతాయి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పడానికి తరగతిలో 10 మంది, లేదా బడిలో 40 మంది ఉండాలన్నది 1949లో విద్యామంత్రుల సమావేశం పెట్టిన కొలత. మన పిల్లలను మనమే లెక్కలోంచి తీసేసి, తెలుగు టీచరు పోస్టు పోయిందని ఆ తర్వాత అర్జీ పెడితే, ఆ అర్జీకి జవాబు మన ఫారంలోనే ఉంటుంది.

ఇక ప్రణాళిక. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 3 నెలల ముందే అది సిద్ధం కావాలని కేంద్ర నియమాలు చెబుతున్నాయి. అంటే డిసెంబరు. ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. పళ్లిపట్టు వైపు చాలా ఊళ్లలో ఆ తల్లులు ఇంట్లో మాట్లాడేది తెలుగు. తీర్మానం తమిళంలో రాస్తారు, బడివాళ్లు వేలు చూపించిన చోట ఆ తల్లులు సంతకం పెట్టేసి పోతారు. హెడ్మాస్టరుగారూ, సంతకాలకు ముందు దాన్ని ఒక్కసారి తెలుగులో చదివి వినిపించండి. అయిదు నిమిషాల పని. బాత్రూము తలుపుకు గడియ లేదని, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని అప్పుడే బయటపడుతుంది. అమ్మా, మీరు కూడా వినిపించమని అడగడానికి మొహమాటపడకండి.

బడి ప్రణాళిక బడిలోనే ఉండిపోతే సగం పనే అయినట్టు. పంచాయతీ నిధులు దాని వైపు తిరగాలంటే అది గ్రామసభకు రావాలి. తమిళనాడులో గ్రామసభ ఏడాదికి ఆరుసార్లు: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. వచ్చే ఏడాది పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు మొదలయ్యేది అక్టోబరు 2నే, కాబట్టి మీకు కావలసిన సభ అది. అక్కడ ‘మా బడికి మరుగుదొడ్లు కావాలి’ అని చెప్పి కూర్చుంటే మినిట్స్‌లో ఒక ముక్క రాసి వదిలేస్తారు. తీర్మానాన్ని మీరే రాసి తీసుకెళ్లండి. ఇలా ఉండాలి: ‘ఫలానా వీధిలోని పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాలలో 42 మంది బాలికలకు ఉన్నది ఒకే మరుగుదొడ్డి, దానికి నీటి కనెక్షన్ లేదు. మరో రెండు కట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పైపు వేయడానికి వచ్చే ఏడాది ప్రణాళికలో నీరు, పారిశుద్ధ్యం పద్దు కింద చేర్చాలని సభ తీర్మానించింది.’ ఎక్కడ, ఎంతమందికి, ఏ పద్దు, ఏ ఏడాది. ఈ నాలుగూ ఉన్న తీర్మానాన్ని పక్కన పెట్టడం కష్టం.

పద్దు పేరు ఎందుకు రాయాలంటే, 15వ ఆర్థిక సంఘం 2021-26కు పల్లె స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ముడిపెట్టింది. ఇంజనీరుకు ఆ పద్దులో చూపించుకోవడానికి పనులు కావాలి, మీకు మరుగుదొడ్డి కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, కొత్త మార్గదర్శకాల్లో ముడి ఎలా ఉందో యూనియన్ ఆఫీసులో అడిగి తీర్మానంలో ఆ మాట వాడండి.

యూనియన్ ఆఫీసులో ఏ గదిలోకి వెళ్లాలన్నదీ తెలుసుకోవాలి. తమిళనాడులో ప్రతి యూనియన్‌కు ఇద్దరు బీడీవోలు: ఒకరు బ్లాక్ పంచాయతీకి, ఇంకొకరు గ్రామ పంచాయతీలకు. మన తిరువళ్లూరు జిల్లాలో 14 యూనియన్లు, 526 గ్రామ పంచాయతీలు. పంచాయతీ యూనియన్ బడి కప్పు కారుతుంటే మొదటి ఆయన దగ్గరికి, పంచాయతీ నిధులతో పైపు వేయాలంటే రెండో ఆయన దగ్గరికి. ఉత్తరం తప్పు గదిలో పడితే నెల పోతుంది. ఎవరూ దాన్ని పక్క గదికి మోసుకెళ్లి ఇవ్వరు. 2019 డిసెంబరులో ఎన్నికైన మన పంచాయతీల గడువు 2025 జనవరి 5తో తీరి, ప్రత్యేకాధికారులు వచ్చాక ఈ గదుల ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం డబ్బుకే ఇబ్బంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు ఆ ఇబ్బంది పడ్డాయి.

డబ్బు చేతికొచ్చాక జరిగే పొరపాటు ఒకటే, కానీ పెద్దది. 2021 జూలై నుంచి సమగ్ర శిక్షా వంటి కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బు పంపే పద్ధతి మారింది. ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు ఉండదు, అది జీరో బ్యాలెన్సు ఖాతా. ఇంతవరకు వాడుకోవచ్చన్న లిమిట్ మాత్రం ఉంటుంది, అసలు డబ్బు రాష్ట్ర స్థాయి ఖాతాలో ఉంటుంది. పాత రోజుల్లోలా బ్యాంకులో ఉంది కదా, ఏప్రిల్‌లో చూసుకుందాం అంటే ఏప్రిల్‌లో లిమిట్ సున్నా. మార్చి 31న పెట్టిన బిల్లు సర్వర్ దగ్గర ఆగినా అంతే. ఫిబ్రవరి ఆఖరుకు చెల్లింపులు ముగించాలన్నది నా సలహా. కమిటీ తీర్మానం, కొటేషన్లు, బిల్లు, స్టాకు రిజిస్టరు పేజీ, పని ఫొటో ఒకే ఫైల్లో ఆ వరుసలో ఉంటే యూసీ రాయడం అరగంట పని.

అన్నీ సరిగ్గా చేసినా డబ్బు రాని ఏళ్లూ ఉంటాయి. కేంద్రపు పీఎం శ్రీ బడుల పథకం ఒప్పందంపై రాష్ట్రం సంతకం పెట్టలేదని 2024-25లో సమగ్ర శిక్షా కింద తమిళనాడుకు రావలసిన రూ.2,152 కోట్లను కేంద్రం ఆపింది. 2025లో రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తగవులో ఎవరిది న్యాయమన్నది వేరే వ్యాసం. హెడ్మాస్టరు నేర్చుకోవలసింది ఇంతే: లిమిట్ కంటితో చూడకుండా కొట్లో అప్పు మీద సామాన్లు తేవద్దు, మేస్త్రీకి మాట ఇవ్వద్దు.

అలాంటి ఏడాదికి వేరే దారులు చూసి పెట్టుకోండి. 2022 డిసెంబరులో మొదలైన ‘నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్లి’ ద్వారా పూర్వవిద్యార్థులు, కంపెనీలు బడికి విరాళమివ్వచ్చు. చెన్నైలోనో బెంగళూరులోనో స్థిరపడిన మన ఊరివాళ్లకు ‘ఏదైనా సాయం చేయండి’ అనకుండా, ఈ పనికి ఇంత అని రాయండి. ‘నమక్కు నామే’ పథకంలో ఊరు కనీసం మూడో వంతు వేసుకుంటే మిగతాది ప్రభుత్వం వేస్తుంది. ఆలయ కమిటీకి చందాలు పోగుచేసిన ఊరికి మూడో వంతు పెద్ద లెక్క కాదు. ఒక్క హెచ్చరిక: మైనారిటీ స్కాలర్‌షిప్ అన్న మాట చూసి తెలుగు పిల్లలతో దరఖాస్తులు పెట్టించకండి. కేంద్రం ఇచ్చేవి మత మైనారిటీలకు, భాషా మైనారిటీలకు కాదు.

ఎమ్మెల్యే, ఎంపీ నిధులకు అర్జీ పెట్టేవాళ్లు ఒకటి చూసుకోండి. తిరుత్తణి తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్నా, తిరుత్తణి అసెంబ్లీ నియోజకవర్గం లోక్‌సభకు అరక్కోణం కిందికి వస్తుంది. కాబట్టి ఎంపీకి రాసే ఉత్తరం అరక్కోణం ఎంపీకే. దాని నకలు ఒకటి సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల రోజున తిరువళ్లూరు కలెక్టరేట్లో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి.